డబ్బా చల్లారేదాకా

డబ్బా ఇంకా కాలుతోంది. వేలి కొసతో ముట్టుకుని చటుక్కున వెనక్కి తీసుకుంది, ఆ వేలితోనే చెవితమ్మె పట్టుకుంది, పన్నెండు దాటి ఏడు నిమిషాలే అయిందని గోడ గడియారం ఎదురుగా చెబుతుంటే ముట్టుకోవడం ఎందుకు, పంతొమ్మిదేళ్లుగా ఇదే బల్ల ముందు కూర్చున్న మనిషి నిన్న గాక మొన్న పనిలో చేరినదానిలా వేలు కాల్చుకోవడం ఎందుకు, మాస్టారు చూస్తే నవ్వుతారు, చూడలేదు, కిటికీ పక్కన కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు, ఒళ్లో పేపరు, పేపరు మీద భూతద్దం. రెండు పిడికిళ్లంత ఇత్తడి డబ్బా. దాని లోపల ప్లాస్టర్, ప్లాస్టర్ లోపల పై వరస పళ్లు పద్నాలుగు, వాటి చుట్టూ చిగుళ్ల రంగు ముద్ద, ఉడికి గట్టిపడి. సరిగ్గా పన్నెండింటికి మరిగే నీళ్లలోంచి తీసి బల్ల మీద పెట్టింది, ఇక దాని పని దానిది, చన్నీళ్లు పోయకూడదు, ఫ్యాను కింద పెట్టకూడదు, వేడి మీద తెరిస్తే పళ్ల సెట్టు వెంట్రుకవాసి వంగుతుంది, బయట వెంట్రుకవాసి అయినది నోట్లోకి వెళ్లాక దుంగంత అవుతుంది. తక్కినవన్నీ తప్పు చేసి నేర్చుకో అమ్మాయ్, ఇది మాత్రం భయపడి నేర్చుకో అనేవారు మాస్టారు. ఒంటిగంట దాకా తెరవకూడదు. ఒంటిగంటకే ఫోను కూడా వస్తుంది.

ఫోనులో చెప్పాల్సింది ఒక్క మాట, వస్తాననో, రాననో. ఎనిమిది నెలల కిందట భర్త వేరే రాష్ట్రం వెళ్లాడు, అక్కడొక పెద్ద ఆసుపత్రి, పదకొండు లిఫ్టులు, రోజూ ఏదో ఒకటి మొరాయిస్తుంది కాబట్టి లిఫ్టు మెకానిక్కుకి చేతినిండా పని, ఉండటానికి క్వార్టరు. ఇప్పుడు అదే ఆసుపత్రిలో పళ్ల విభాగానికి సెట్లు చేసే మనిషి కావాలట, ఆ విభాగం పెద్ద డాక్టరమ్మ ఈరోజు మధ్యాహ్నమే సెలవు మీద వెళ్లిపోతోందట, వెళ్లేలోపు ఒక పేరు రాసి పంపాలట, ఈవిడ కాదంటే వరసలో ఇంకో పేరు ఉందట. పొద్దున ఎనిమిదింటికి చేసి ఇదంతా చెప్పాడు. "ఆలోచించుకో. నేనేం బలవంతపెట్టను. నువ్వు రానంటే నేనే వచ్చేస్తా. రెండు చోట్ల రెండు పొయ్యిలు ఇంక నావల్ల కాదు. బలవంతం మాత్రం లేదు," అన్నాడు, అని మళ్లీ మొదటినుంచీ అదే చెప్పాడు, బలవంతం లేదని పది నిమిషాల సేపు చెప్పడాన్ని ఏమంటారో ఆయనకే తెలియాలి. మంచివాడే. లిఫ్టు ఎక్కడ ఆగిపోయినా లోపల ఇరుక్కున్నవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడి మాట్లాడి అలవాటు, పెళ్లాంతో కూడా అలాగే మాట్లాడతాడు. ఒక్కోసారి ఈవిడకి తలుపు పగలగొట్టుకుని బయటికి రావాలనిపిస్తుంది.

సరే, ఒంటిగంటకి ఆ మాట చెప్పాలి, కానీ పన్నెండు దాటినప్పటినుంచి బుర్ర ఆ మాట మీద నిలబడితేనా, పన్ను మీదికి పోతోంది. డబ్బాలో ఉన్న పన్ను. కుడి కోరపన్నుకీ ముందు పన్నుకీ మధ్య ఉండేది. దాన్ని తిప్పిందా, తిప్పలేదా? డాక్టరుగారి చీటీ ఇదిగో, దీపం కాడకి అంటించి ఉంది, తనే అంటించింది, పేషెంటు కోరిక మీద ఆ పన్ను కొంచెం వంకరగా తిప్పవలెను, పాతది అలాగే ఉండేదట అని. చదివింది. మైనం మీద పళ్లన్నీ కుదిర్చి, కత్తి వేడి చేసి, ఇక ఆ ఒక్కటీ తిప్పడమే తరువాయి అనుకుంటూ ఉండగా ఫోను మోగింది, గదిలో మాట సరిగా వినబడదని మెట్ల మీదికి వెళ్లింది, పది నిమిషాలు, తిరిగొచ్చింది, కూర్చుంది, ప్లాస్టర్ కలిపింది. ఆ కూర్చోవడానికీ కలపడానికీ మధ్య ఏం చేసింది? తలుపు తాళం వేశానా లేదా అని సగం దారిలో ఆగిపోయే మనిషిలా అక్కడే ఆగిపోతోంది. చేతులు ఏం చేశాయో గుర్తు లేదు. చెవిలో భర్త గొంతు ఉంది, అంతే. తరవాత మైనం కరిగించి కడిగేటప్పుడు ప్లాస్టర్‌లో పళ్ల అడుగులు కనిపిస్తాయి, అప్పుడైనా చూసుకోవాలి, ఆవిరిలో చూపు ఎక్కడ పెట్టిందో, ముద్ద కూరింది, బిగించింది, నీళ్లలో పడేసింది. ఇప్పుడు తెరిచేదాకా ఆ దేవుడికి కూడా తెలియదు.

తిప్పకపోతే ఏమవుతుంది, ప్రాణం పోతుందా, పోదు, తిన్నటి పళ్లు కావాలని జనం ఏడుస్తారు గానీ వంకర పన్ను కావాలని ఏడ్చేవాళ్లు ఎవరు? ఈ సెట్టు పెట్టుకోబోయే ఆవిడ ఒక్కత్తే. స్టేషన్లో మైకు ముందు కూర్చుని ముప్ఫై ఏళ్లు రైళ్ల రాకపోకలు చెప్పిన మనిషి, పోయినేడు రిటైరైంది, గొంతు మాత్రం రికార్డయి ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తోంది. సమయం, స్టేషను, సిద్ధంగా ఉన్నది, ఎక్కడ స వచ్చినా సన్నగా ఒక ఈల, ఊరంతటికీ తెలిసిన ఈల, పిల్లలు వెక్కిరించే ఈల. ఆ ఈల ఆ వంకర పన్నుదని ఊళ్లో ఎవరికీ తెలియదు, నోట్లో పళ్లన్నీ పోయి నమూనా సెట్టు పెట్టుకుని చూసేదాకా ఆవిడకే తెలియదు. మైనం సెట్టు పెట్టి అద్దం చేతికిస్తే చాలాసేపు చూసుకుందట, బాగుందండీ అందట, అని ఇంటికెళ్లి, ఆ సాయంత్రమే డాక్టరుకి ఫోను చేసి, "అద్దంలో ఉన్నావిడ ఎవరో చక్కగా ఉంది డాక్టరుగారూ, కానీ నేను కాదు," అందట. డాక్టరు నవ్వుతూ చెప్పాడు ఈ సంగతి. మాస్టారు నవ్వలేదు. ఎనిమిది నెలల కిందట ప్లాట్‌ఫారం మీద భర్త పెట్టె పట్టుకుని నిలబడి ఉంటే, బండి బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది అని ఈలవేసి మరీ చెప్పింది ఆ గొంతే. అప్పుడు కూతురు ఆ ఈలని అనుకరించింది, ముగ్గురూ నవ్వారు, బండి కదిలింది.

ఆ ఒక్క నోరనేమిటి, ఈ వీధి మొత్తంలో ఎన్ని నోళ్లు. సాయంత్రం పని ముగించి ఇంటికి నడిచి వెళ్తుంటే తన చేతిపని ఎదురొస్తూ ఉంటుంది. మందుల షాపాయన కింది సెట్టు, ఆయన కోపిష్టి, పళ్లు నూరి నూరి రెండేళ్లకే అరగదీశాడు, రెండోది కొంచెం గట్టిగా చేసింది. బట్టలు ఇస్త్రీ చేసే పెద్దావిడ, నవ్వితే చిగురు ఎక్కువ కనబడుతుందని పై పెదవి కిందికి లాక్కుని నవ్వే అలవాటు, సెట్టు పెట్టాక ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది. బస్సు కండక్టరు, ఆయనకి మూడే మూడు పళ్లు, కానీ ముందువి, టిక్కెట్లు పట్టుకునే పళ్లు. మనుషుల పేర్లు మరచిపోతుంది, పళ్లు మరచిపోదు. ఎదురొచ్చి మాట్లాడుతుంటే కళ్లలోకి చూడకుండా నోట్లోకి చూస్తుందని తోడికోడలు ఒకసారి దెబ్బలాట పెట్టుకుంది. పళ్లక్క అంటారు వీధిలో, చిన్నవాళ్లూ పెద్దవాళ్లూ, కొత్తగా వచ్చినవాళ్లు పళ్లమ్మే అక్క కాబోలనుకుని బత్తాయిలున్నాయా అని అడిగారు కూడా. పళ్లక్క. అక్కడికి వెళ్తే ఎవరు? ఎవరి నోట్లోనూ తను ఉండదు. రోడ్డంతా నడిచినా ఒక్క పన్నూ పలకరించదు. ఇది చెప్పుకుంటే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు గానీ, వెళ్లకూడదని అనిపించినప్పుడల్లా మొదట గుర్తొచ్చేది ఇదే, ఇల్లూ కాదు, వాకిలీ కాదు.

వెళ్లాలని అనిపించినప్పుడల్లా గుర్తొచ్చేది బూటు లేసు. వాళ్లుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేని ఇల్లు, లిఫ్టు మెకానిక్కు ఇంటికి లిఫ్టు లేదని అందరూ వేళాకోళం చేస్తారు. బడినుంచి వచ్చేటప్పుడు కూతురు ప్రతి అంతస్తు దగ్గరా ఆగి కిందికి వంగి లేసు కట్టుకునేది. మొదట్లో తిట్టింది, ఒకసారి గట్టిగా ముడెయ్యలేవా, అంత పెద్దదానివయ్యావు, పదకొండేళ్లొచ్చాయి అని. పోయిన శీతాకాలంలో బూట్లు బిగుతయ్యాయని లేసుల్లేని చెప్పులు కొంది. మర్నాడు సంచీ తను మోస్తూ వెనకాలే మెట్లెక్కుతుంటే, మొదటి అంతస్తు దగ్గర పిల్ల ఆగింది, కిందికి వంగింది, లేని లేసు కట్టుకుంది. వంగిన వీపు ఎగిరెగిరి పడుతోంది. అప్పుడు గానీ తలకెక్కలేదు. ఊపిరి అందక ఆగుతోందని, ఆగుతున్నట్టు అమ్మకి తెలియకూడదని లేసు నాటకమాడుతోందని, అదీ ఎన్నాళ్లనుంచో. ఆ మెట్ల మీద సంచీ కింద పెట్టి తనూ కూర్చుండిపోయింది, ఏమైందమ్మా అంటే కాళ్లు నొప్పులంది. వీధి చివర రాళ్లు కోసే మిల్లు ఉంది, పొద్దున తుడిచిన కిటికీ మీద మధ్యాహ్నానికి వేలితో అక్షరాలు దిద్దొచ్చు. డాక్టరు గొట్టం ఇచ్చాడు, నోట్లో పెట్టుకుని పీల్చేది, గాలి మారిస్తే మంచిదన్నాడు. ఇక తన బట్టలకి అంటుకుని రోజూ ఇంటికొచ్చే ప్లాస్టర్ పొడి ఉండనే ఉంది. గుమ్మం బయట దులుపుకునే లోపలికి వెళ్తుంది, అయినా దులిపిందంతా ఎక్కడికి పోతుంది?

అక్కడ, భర్త దగ్గర, మూడు వారాలు ఉండి వచ్చారు, సెలవుల్లో. మూడు వారాల్లో గొట్టం సంచీలోంచి బయటికి తీయలేదు. క్వార్టరు నాలుగో అంతస్తు, ఒకరోజు ఆ బ్లాకు లిఫ్టే ఆగిపోయింది, భర్త పైన మోటారు గదిలో ఉన్నాడు, నీళ్ల సీసా ఇచ్చొస్తానని పిల్ల పరుగెత్తింది, ఆగు, మెల్లిగా అని అరుస్తూ వెనక తను, రెండో అంతస్తుకి వచ్చేసరికి ఆయాసం తనకే వచ్చింది, రెయిలింగు పట్టుకుని తలెత్తి చూస్తే పైనుంచి పిల్ల తొంగిచూస్తోంది. "అమ్మా, నువ్వు లేసు కట్టుకుంటున్నావా?" అంది. అంది, అని నవ్వింది. తనకి తెలుసని పిల్లకి తెలుసన్నమాట. అన్ని నెలలూ తల్లీకూతుళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే సంగతి దాచారన్నమాట. ఆ నాలుగంతస్తులు పరుగెత్తిన చప్పుడు, ఆగకుండా, మధ్యలో ఒక్కచోట కూడా ఆగకుండా, అది చెవిలో పడ్డాక ఇంకా ఆలోచించడానికి ఏముంది అని ఎవరైనా అడుగుతారు. తనూ అడుగుతుంది. రోజుకి పదిసార్లు అడుగుతుంది.

పన్నెండున్నర. డబ్బా మీద అరచెయ్యి పెడితే రెండు అంకెలు లెక్కపెట్టేదాకా ఆగింది, మూడో అంకెకి తీసేయాల్సి వచ్చింది. అక్కడ, ఆ మూడు వారాల్లోనే, పళ్ల విభాగం చూపించడానికి తీసుకెళ్లాడు భర్త. తెల్లటి గది, ప్లాస్టర్ వాసన లేదు, మైనం కాలిన వాసన లేదు, ఎవరూ దేన్నీ ఊదడం లేదు. గాజు తలుపు వెనక ఒక యంత్రం తనంతట తను పన్ను చెక్కుకుంటోంది, నీళ్లు చల్లుకుంటూ, ఎవరితో పని లేనట్టు. అక్కడ పనిచేసే అమ్మాయి చాలా మర్యాదగా, వాళ్ల భాషలో, అన్నీ చెప్పింది, తనకి అర్థమైనవి మూడు మాటలు, నీళ్లు, వద్దు, జాగ్రత్త. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తను చేతులు వెనక్కి కట్టుకుంటే ఎలా ఉంటుందో అప్పటిదాకా తనకే తెలియదు. లిఫ్టు మెకానిక్కు భార్య అని పరిచయం చేశారు, అబద్ధం కాదు. చేత్తో చేసేవి కూడా ఉంటాయి, యంత్రం అన్నీ చెయ్యలేదు, అందుకే మనిషి కావాలంటున్నారని భర్త తరవాత నచ్చజెప్పాడు. భాషదేముంది, మూడు వారాల్లో పిల్ల కింది క్వార్టరు పిల్లతో ఆ భాషలో పోట్లాడింది, పోట్లాట వచ్చిందంటే భాష వచ్చినట్టే. తనకి నలభై రెండేళ్లు. నలభై రెండేళ్ల మనిషి నోరు తిరగక నవ్వులపాలైతే ఎవరూ ముద్దుచేయరు. నోళ్లు బాగుచేసే మనిషి నోరే పనికిరాకుండా పోతుంది, అది తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది.

నవ్వొచ్చినప్పుడు మాస్టారి వైపు చూసింది, అలవాటు, ఏ నవ్వొచ్చినా ఆ కుర్చీ వైపు చూడటం. ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు. డెబ్భై నాలుగేళ్లు, ఒక్క పన్నూ పోలేదు, ముప్ఫై రెండూ సొంతవే, వ్యాపారానికి చేటు అమ్మాయ్, పళ్ల సెట్ల వాడి నోట్లో సెట్టు లేకపోతే జనం ఎలా నమ్ముతారు అంటారు. పంతొమ్మిదేళ్ల కిందట ఈ గది ఊడవడానికి వచ్చింది తను. ఊడుస్తూ ఊడుస్తూ బల్ల కింద పడ్డ పన్ను ఏరి, ఇది పై వరసదా, కింది వరసదా అని అడిగితే, ఎందుకడిగావన్నారు, అంచు వేరేగా ఉంది కదండీ అంది, చీపురు పక్కన పెట్టి ఇలా వచ్చి కూర్చోమన్నారు. అప్పటినుంచి లేవలేదు. మాస్టారి కుడిచేతి బొటనవేలు గోరు నిలువునా రెండుగా చీలి ఉంటుంది, కుర్రతనంలో పాలిష్ చక్రంలో పడి చీలిందట, మళ్లీ కలవలేదు. ఆయన మైనం మీద ఎక్కడ నొక్కినా రెండు గీతలు పడతాయి, రైలు పట్టాల్లా పక్కపక్కనే, సాపు చేయకపోతే అవే గీతలు ప్లాస్టర్‌లోకీ, ఉడికిన సెట్టులోకీ దిగుతాయి. గోటి గుర్తు పడకూడదని తనని అన్ని తిట్లు తిట్టిన మనిషి, ఆయన మాత్రం పన్ను మొదట్లో గోరు నొక్కకుండా ఉండలేరు, వేడి కత్తితో ఆ రెండు గీతలూ సాపు చేయడం ఇన్నేళ్లూ తన పని. రెండేళ్లుగా ఆ పని కూడా లేదు. చెయ్యి వణుకుతోంది, చూపు మందగించింది, ఆయన మైనం ముట్టుకోవడం మానేశారు. కుర్చీ, పేపరు, భూతద్దం. డాక్టర్లు ఆయన మొహం చూసి పని పంపిస్తారు, చేసి ఇచ్చేది తను.

తను లేకపోతే ఈ గది లేదు. గొప్పకి అనుకోవడం కాదు, ఉన్నమాట. ఈ గది లేకపోతే పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎనిమిది కాకముందే తలుపు తీసే మనిషికి ఎక్కడికి వెళ్లాలో తెలియదు. పెళ్లి లేదు, పిల్లలు లేరు, వెనక వీధిలో ఒక గది, దాంట్లో ఆయన పడుకోవడం తప్ప ఇంకేం చేస్తారో తనకి తెలియదు. వారం కిందట చెప్పింది, మాస్టారూ, అక్కడ పని ఉందంటున్నారు, పిల్లకి గాలి పడుతుందంటున్నారు, ఏం చెయ్యాలో తోచడం లేదు అని. "ఊఁ," అన్నారు. పేపరు తిప్పారు. అంతే. వెళ్లమంటే వెళ్లేది, వద్దంటే, వద్దంటే మండిపడేదేమో, మీకేం తెలుసు నా పిల్ల సంగతి అని అరిచేదేమో, అరిచాక మనసు తేలికపడి వెళ్లిపోయేదేమో. ఊఁ అంటే ఏం చేస్తారు ఎవరైనా? వారంనుంచి ఆ ఊఁ మీద కోపంగా ఉంది తనకి. బొత్తిగా చెప్పకపోవడం కంటే అన్యాయం అది. ఇన్నేళ్లు పని నేర్పి, ఏది ఎంత వెడల్పో, ఏది ఎంత పొడుగో అన్నీ వేలు పట్టుకుని చూపించి, ఇప్పుడు ఈ ఒక్కదానికీ నోరు విప్పరు. ఊరికే కూర్చుంటారు. వదిలేసి వెళ్తే ఎలా ఉంటుందో చూపించడానికన్నట్టు కూర్చుంటారు. ఛ, ఆయన అలాంటి మనిషి కాదు. అలాంటి మనిషైతే తేలికయ్యేది.

పిల్లని కూడా అడిగింది, నిన్న, జడ వేస్తూ. నువ్వు రాకపోతే నేనూ వెళ్లను అంది పిల్ల, నాన్నే వచ్చేస్తాడులే అంది, కొంచెంసేపు ఆగి, కానీ మెట్లు తక్కువున్న ఇల్లు చూడమ్మా అంది. అది అన్న తీరు. బేరం కూడా కాదు. పదకొండేళ్ల పిల్ల అప్పుడే సర్దుకుపోవడం నేర్చేసుకుంది, తల్లికి పనికొచ్చేలా కోరికని కత్తిరించుకుని చిన్నది చేసుకుంది. వేళ్ల మధ్య జడ మూడు పాయలూ కలిసిపోయాయి, విప్పి మళ్లీ వేయాల్సి వచ్చింది.

ఒంటిగంటకి పది నిమిషాలు. అరచెయ్యి పెడితే పది అంకెలు ఆగింది. ఇంకొంచెం. పన్ను తిప్పిందా? మళ్లీ మొదటినుంచీ. కత్తి వేడి చేసింది, ఫోను మోగింది, సెట్టు బల్ల మీద దీపం పక్కన పెట్టింది, మెట్ల మీదికి వెళ్లింది, ఐదో మెట్టు మీద కూర్చుంది, బలవంతం లేదు, బలవంతం లేదు, కూర్చునే వింది, సరే పెట్టేయండి, ఒంటిగంటకి చెప్తా అంది. కొంగుతో, కాదు, చేతిరుమాలుతో మొహం తుడుచుకుంది. లోపలికి వచ్చింది. మాస్టారు కుర్చీలో లేరు, బల్ల దగ్గర నిలబడి ఉన్నారు, తను రాగానే కిటికీ వైపు కదిలారు, నీళ్లు తాగడానికి లేచారనుకుంది. "అయిపోయిందిగా అమ్మాయ్, డబ్బాలో పెట్టెయ్," అన్నారు. పెట్టేసింది. అంతే, పెట్టేటప్పుడు కూడా తను దాన్ని చూడలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది, ఆ పన్ను ముట్టుకోనైనా ముట్టుకోలేదు, చూపంతా ప్లాస్టర్ గిన్నె మీదే ఉంది. అంటే తిప్పలేదు. ఖాయం. పంతొమ్మిదేళ్లలో చీటీ చదివి కూడా మరచిపోవడం ఇదే మొదలు. ఇంకా ఎక్కడికీ వెళ్లనేలేదు, అప్పుడే చెయ్యి తప్పింది. పాపం ఆవిడ. అద్దంలో మళ్లీ ఆ ఎవరో చక్కటావిడే కనబడుతుంది. మళ్లీ మొదటినుంచి చేయాలి, ప్లాస్టర్ కలపాలి, డాక్టరుకి ఫోను చేసి నేనే మరచిపోయానండీ అని చెప్పాలి, చెబుతుంది, అందులో సిగ్గేం లేదు, సిగ్గు మాస్టారి ముందు.

గడియారం ఒంటిగంట కొట్టే రకం కాదు, ముల్లు జరిగింది, అంతే. డబ్బా చేతికి గోరువెచ్చగా తగిలింది, ఎంతసేపైనా పట్టుకోవచ్చు. బిగింపు వదులు చేసింది, పై మూత తీసింది, ప్లాస్టర్ మీద చిన్న సుత్తితో తట్టింది, ముక్కలు ఊడొచ్చాయి, వాటి మధ్యనుంచి చిగురు రంగు కనబడింది, తరవాత పళ్లు, ఎడమ కోర, ముందు రెండూ, కుంచెతో పొడి దులిపింది, కుడి పక్కకి వచ్చేసరికి కుంచె ఆగిపోయింది.

పన్ను తిరిగి ఉంది. ఎంత తిరగాలో అంతే తిరిగి, పక్కదాని మీదికి కొంచెం ఒరిగి, ఈల వేయడానికి సందు వదిలి ఉంది. అబ్బ, అనుకుంది, చెయ్యి తనంతట తనే చేసేసింది, తనకి తెలియకుండానే చేసేసింది, ఎంత హాయి. అనుకుంటూ దీపం దగ్గరికి లాగి చూసింది. పన్ను మొదట్లో, చిగురు రంగులో, రెండు గీతలు. పక్కపక్కనే, రైలు పట్టాల్లా, సన్నగా.

చాలాసేపు చూసింది. పొద్దున ఆ పది నిమిషాలు ఆ వణికే చెయ్యి ఏం చేసి ఉంటుందో ఇప్పుడు కనబడుతోంది. కుర్చీలోంచి లేచి, చీటీ భూతద్దం పెట్టి చదువుకుని, తను వేడి చేసి వదిలేసి వెళ్లిన కత్తి తీసుకుని, ఒక్క పన్ను. మైనం తగిలేదాకా వణికి, తగిలాక నిలబడే చెయ్యి. తన బుర్ర ఇక్కడ లేదని ఆయనకి తనకంటే ముందే తెలిసింది, దాన్ని తప్పుగా పట్టలేదు, పైకి అనలేదు, ఆ లోటు పూడ్చి డబ్బాలో పెట్టెయ్ అన్నారు. ఒక్క పన్ను తిప్పగలిగినంత మాత్రాన ఆయన గది నడపలేరు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, తను వెళ్తే ఈ తలుపు ఏదో ఒకరోజు మూతపడుతుంది, అదీ తెలుసు. తెలిసే చేశారు. వారంనుంచి తను అడుగుతున్నదానికి జవాబు ఇదీ, వెళ్లమనే. ఆ ఊఁ మీద కోపం ఎటు పోయిందో పోయింది, కళ్లు మసకబారి రెండు గీతలు నాలుగయ్యాయి.

"పన్ను ఎలా ఉంది?" అన్నారు మాస్టారు, కళ్లు తెరవకుండా.

"వంకరగా ఉందండీ."

"అయితే సరిగ్గా ఉందన్నమాట."

బల్ల మీద ఫోను మోగుతోంది. ప్లాస్టర్ చేతులతోనే ఎత్తింది. మెట్ల మీదికి వెళ్లలేదు, వినబడినా వినబడకపోయినా ఇక్కడే మాట్లాడాలనుకుంది.

"వింటున్నావా? డాక్టరమ్మ ఇక్కడే ఉన్నారు," అన్నాడు భర్త. గొంతు పెంచలేదు. "ఏమనమంటావ్?"

"రాయమనండి," అంది. "ఇద్దరం వస్తాం. నెల టైమివ్వమనండి, ఇక్కడ ఒప్పుకున్న సెట్లున్నాయి, పూర్తిచేసి వస్తా."

అటువైపు ఆయన ఎవరితోనో ఆ భాషలో ఏదో అన్నాడు, అందులో ఒక్క మాట కూడా తనకి తెలియదు, తెలిసినట్టే ఉంది. కుర్చీలో మాస్టారు పేపరు విప్పారు. పేపరు తలకిందులుగా ఉంది, చెప్పలేదు తను. సెట్టు తీసుకుని పాలిష్ చక్రం ముందు కూర్చుంది, చక్రం తిరగడం మొదలుపెట్టింది, ఎడమ చివరినుంచి పట్టుకుంటూ వచ్చింది, చిగురు రంగు అద్దంలా మెరుస్తూ వచ్చింది, ముందు పళ్లు దాటింది, కుడి పక్కకి వచ్చింది. పెదవి కిందికి పోయే చోటు, బయటికి ఎవరికీ కనబడదు, ఆ స్టేషనావిడ నాలుకకి కూడా తగలదు. రెండు గీతల దగ్గర చక్రం ఆపింది, వాటిని అలాగే వదిలేసి, అవతలి పన్ను దగ్గర మళ్లీ ఆన్ చేసింది.